గుడ్లగూబకి పెళ్ళిచూపులు

మొన్న మాఘమాసంలో బందరులో ఫోటోల ప్రదర్శన ఒకటి పెడితే చూడ్డానికి వెళ్ళాను. ఫోటోలంటే సినిమా తారలవీ కావు, గుళ్ళూ గోపురాలవీ కావు. హాలు గోడల నిండా గద్దలూ, డేగలూ, గుడ్లగూబలూను! వేటాడి పొట్టపోసుకునే పక్షులు తప్ప మచ్చుకి ఒక్క పిచ్చుకైనా లేదు. అన్నీ బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో తిరిగి తీసినవేనట.

మా అమ్మని కూడా వెంటబెట్టుకు వెళ్ళాను. ఆవిడకి 82 ఏళ్ళు. గుమ్మంలోనే నిలువెత్తు గుడ్లగూబ ఎదురయ్యేసరికి అమ్మ ఠక్కున ఆగిపోయి, "ఇదేమిటే! శకునానికైనా ఒక చిలకని పెట్టుకోలేకపోయారూ?" అంది. అక్కడ కుర్చీలో కూచున్న కుర్రాడు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

ఫోటోల మంచి చెడ్డలు చెప్పడానికి నీకేం అర్హత ఉందమ్మా అని మీరు అడగవచ్చు. నిజమే, నాకు కెమెరా ఏవైపు పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలీదు. కాని వంట రానివాళ్ళు కూడా పులుసులో ఉప్పెక్కువైందని చెప్పగలరు గదా! పైగా ఈ వ్యవహారంలో నా చేతికీ కాస్త మసి అంటుకుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మంచి మాట చెప్పుకోవాలి. పాతిళ్ళ అటకల మీదా, గుళ్ళ గోపురాల్లోనూ కాపరముండే తెల్ల గుడ్లగూబ ముఖాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చెప్పొద్దూ, ఎంత అందంగా ఉందనీ! అచ్చంగా తమలపాకు ఆకారం. ఈనె తీసేముందు తమలపాకుని మధ్యకి మడిచి మళ్ళీ విప్పుతాం చూడండి, అలా నడిమి గీత. ఆ ముఖం అలంకారానికి కాదట. చీకట్లో ఎక్కడో ఎలుక గడ్డిపోచ కదిపితే, ఆ చప్పుణ్ణి చేటతో పోగుచేసినట్టు పోగుచేసి చెవుల్లో పోస్తుందిట. చెవులు కూడా ఒకటి కాస్త పైకీ, ఒకటి కాస్త కిందికీ ఉంటాయి. ఆ తేడావల్లే చప్పుడు పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో కనిపెట్టి, కటిక చీకట్లో కూడా గురితప్పకుండా పడుతుంది. 'గూబ గుయ్యిమంది' అంటాం మనం. గూబంటే మన చెవి దగ్గరి చోటూ, గూబంటే ఆ పక్షీను. పేరు పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గాని, పక్షికి తగినట్టే ఉంది.

ఇంకో ఫోటోలో రెక్క అంచు కనబడింది. దువ్వెన పళ్ళలా సన్నని కుచ్చు. గాలి చప్పుడు కాకుండా చేసేది ఆ కుచ్చే. మన కంటికి ఈ జన్మలో కనబడనిదాన్ని కెమెరా పట్టి చూపించింది. అంచేత ఫోటోలు తీసే పిల్లల్ని ఊరికే ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఇంటిమీద గుడ్లగూబ వాలితే ఇల్లు పాడుపెట్టాలని మన పెద్దవాళ్ళనేవారు. అది వాలేది మన ఆయుష్షు కోసం కాదు, మన గాదె కింది ఎలుకల కోసం. మన డెల్టాలో వరి కోతల వేళ మినుము చల్లినవాళ్ళని అడిగితే ఎలుకల సంగతి చెప్తారు. యానాదులు కలుగు దగ్గర కుండతో పొగ పెట్టి, ఊపిరాడక బయటికొచ్చిన ఎలుకల్ని పట్టేవారు. వాళ్ళకి కూలివ్వాలి. గుడ్లగూబకి ఆ ఖర్చు కూడా లేదు. కలుగు దగ్గరికి అర్ధరాత్రి తనే వస్తుంది. ఈ ముక్క పదిమంది మనసుల్లో నాటడానికి ఒక మంచి ఫోటో చాలు. నా ఉపన్యాసం అక్కర్లేదు.

అయితే ఒక చిత్రం చూశారూ! ఈ పక్షికి ద్వేషం ఎంత ముప్పో, ముచ్చటా అంత ముప్పే. వంగదేశంలో ఇది లక్ష్మీదేవి వాహనం. అలాగని లక్ష్మి పేరు చెప్పే దీపావళి రోజుల్లో దీన్ని వదిలిపెడతారా అంటే అదీ లేదు. పూజలకీ క్షుద్రానికీ ఎంత దొంగ వ్యాపారం సాగుతోందో 2010లో 'ట్రాఫిక్ ఇండియా' అనే సంస్థ ఒక నివేదికలో బయటపెట్టింది. ఆ ఏడే అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్‌గారు, హ్యారీ పాటర్ కథలు చదివిన పిల్లలు పెంచుకోవడానికి గుడ్లగూబలు కావాలంటున్నారని వాపోయారు. ముద్దొచ్చినా కష్టమే దానికి!

ఇక అసలు విషయం. ఆ హాల్లో 60 ఫోటోలుంటే అందులో సగానికి పైగా గుడ్లగూబలవే. వాటిలో నూటికి తొంభై ఒకటే భంగిమ. పట్టపగలు, కొమ్మమీదో, చెట్టు తొర్రలోనో కూచుని, రెండు కళ్ళూ విప్పార్చుకుని, తిన్నగా మనవంకే చూస్తూ ఉంటాయి. జనం వాటిముందే గుమిగూడారు. "అబ్బ, ఎంత బాగా పోజిచ్చిందో!" అంటున్నారు.

నాకు చప్పున నా పెళ్ళిచూపుల ఫోటో గుర్తొచ్చింది. గుడివాడలో ఒక స్టూడియోకి తీసికెళ్ళారు నన్ను. వెనకాల హంసలూ తామరలూ వేసిన తెర, పక్కన కాగితం పూలకుండీ. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, "గడ్డం కొంచెం పైకమ్మా. ఇటు చూడు. నవ్వు. మరీ అంత కాదు" అన్నాడు. ఇంతలో భళ్ళున దీపం వెలిగింది. ఆ ఫోటో చూసి మా అత్తవారు, "పిల్లకి కళ్ళు చేరడేసి ఉన్నాయి" అని మురిసిపోయి సంబంధం ఖాయం చేసుకున్నారు. అవి చేరడేసి కళ్ళు కావండీ, బెదిరిన కళ్ళు! నలభయ్యేళ్ళ కాపరం తర్వాత కూడా మా వారికి ఆ సంగతి చెప్పలేదు.

గుడ్లగూబ కూడా అంతే. పగటిపూట హాయిగా ఉన్న గుడ్లగూబ కళ్ళు మూసుకునో, సన్నని గీతలా అరమోడ్చుకునో ఉంటుంది. అది పూర్తిగా కళ్ళు తెరిచి మీవంక చూసిందంటే, మీరు వచ్చారని కనిపెట్టిందన్నమాట. చింతచెట్ల తొర్రల్లో ఉండే చిన్నగూబ ఉంది చూడండి, పైడికంటి, అది మనల్ని చూసి తల పైకీ కిందికీ ఊపుతుంది. నాట్యం చేస్తోందని ఆ ఫోటో కింద రాశారు. నాట్యమూ లేదు, పాడూ లేదు. మనం ఎంత దూరంలో ఉన్నామో కొలుచుకుంటోందది.

ఇంకొక సంగతి. మనిషి ఓరకంట చూడగలడు. గుడ్లగూబకి ఓరచూపు లేదు. దాని కనుగుడ్లు గుంటల్లో గొట్టాల్లా బిగిసి ఉంటాయి, అటూ ఇటూ తిరగవు. ఏం చూడాలన్నా మొత్తం తల తిప్పవలసిందే. అందుకే మెడని అంతలా, వీపు వెనక్కి కూడా, తిప్పగలుగుతుంది. అంచేత ఫోటోలో దాని ముఖం పూర్ణచంద్రుడిలా మనకెదురుగా ఉందంటే, అది ఇంకేమీ చూడ్డం లేదని అర్థం. నిద్ర మాని, ఎలుకని మాని, పిల్లల్ని మాని మిమ్మల్నే చూస్తోంది. దూరాన కారులో కూచునో, ఆకుల మాటున దాక్కునో తీసినవి వేరే సంగతి. కాని చెట్టుకింద నిలబడి ఈలలు వేసి, చప్పట్లు కొట్టి తీసిన ఫోటోలో పక్షి అందం కంటె ఫోటోగ్రాఫరు తొందరే ఎక్కువ కనబడుతుంది.

పాశ్చాత్యుల్లో ఈ విద్యకి పెద్దపేరు ఎరిక్ హాస్కింగ్ అనే ఇంగ్లీషు ఆయన. 1937లో ఒక గుడ్లగూబ గూటి దగ్గర, తన మరుగు గుడారంలోకి చీకట్లో ఎక్కబోతుంటే, అది చప్పుడు కాకుండా వచ్చి కంట్లో గోళ్ళు దించింది. ఎడమకన్ను పోయింది. అయినా ఆయన పక్షిమీద కక్షకట్టలేదు, ఫోటోలూ మానలేదు. 1970లో అచ్చయిన ఆత్మకథకి 'పక్షి కోసం ఒక కన్ను' అనే అర్థం వచ్చేలా పేరు పెట్టుకున్నాడు, అదీ ఆయన సరసం! 1948లో ఆయన తీసిన తెల్ల గుడ్లగూబ ఫోటో జగత్ప్రసిద్ధం. ముక్కున ఎలుక, రెండు రెక్కలూ పైకి విప్పుకుని రాజముద్ర మీది బొమ్మలా ఉంటుంది. ఆ రోజుల్లో గూటి దగ్గర మరుగు కట్టుకుని ఫోటో తీయడమే పద్ధతి. రోజులు మారాయి. ఇప్పుడు పక్షుల పత్రికలూ పోటీలూ చాలావరకు గూటి ఫోటోలు పుచ్చుకోవడం మానేశాయి. పక్షి నష్టపోతుందని తెలిసొచ్చింది గనక. అయినా హాస్కింగ్ కథలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. తప్పు తనదేననీ, పిల్లల్ని కాపాడుకోవడం తల్లి ధర్మమనీ గుర్తుంచుకుంటే, పోయిన కన్ను కూడా పాఠమే అవుతుంది.

మన పక్కనే మద్రాసులో ఎం. కృష్ణన్‌గారు (1912–1996) ఉండేవారు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి కన్నుమూసేదాకా ప్రకృతిమీద రాస్తూనే ఉన్నారు. ఫోటోలు నలుపు తెలుపుల్లో తీసేవారు. రంగులు లేకపోతే చూసేవాళ్ళ కన్ను చీర అంచుమీదికి పోకుండా మనిషి నిలకడమీదికి పోతుంది. జంతువైనా అంతే. ఈ ప్రదర్శనలో ఆకుపచ్చలు మరీ ఆకుపచ్చగా, పసుపు కళ్ళు మరీ పసుపుపచ్చగా ఉండి, పెళ్ళిలో పట్టుచీరల వరసలా తోచింది నాకు.

తర్వాతి వరస గరుడపక్షులు. తెల్లని తల, ఇటుకరంగు ఒళ్ళు. ఆకాశంలో కనబడితే చెంపలు వేసుకుంటాం. దివిసీమలో నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోట పడవలమీంచి తీసిన ఫోటోలవి. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు. పదకొండింటిలోనూ పక్షి కాళ్ళు ముందుకి చాచి నీళ్ళమీదికి దూకుతోంది. 'వేట' అని రాశారు కింద. నాకు మొదట ఒళ్ళు జలదరించింది. కాని అమ్మకి చత్వారమే గాని చాదస్తం లేదు. ఒక ఫోటో దగ్గర వంగి చూసి, "దీని కాలికి కోడి చర్మం తగులుకుందేమిటే? హంసలదీవి సముద్రంలో కోళ్ళు ఈదుతున్నాయా?" అంది.

అంతే! పడవలోంచి కోడి చర్మమూ పేగులూ విసిరి, పక్షి దిగ్గానే ఫోటో తీశారన్నమాట. ఇది మనవాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. మలేషియాలో లంకావీ దీవికి వచ్చే యాత్రికుల కోసం ఇలాగే కోడి చర్మం విసిరి గద్దల్ని దింపుతూ వచ్చారు. అమెరికా, కెనడాల్లో మంచుగుడ్లగూబ ఫోటో కోసం అంగట్లో కొన్న ఎలుకల్ని మంచుమీద వదలడం, దానిమీద పెద్ద రభస కావడం జరిగాయి. పక్షికి మేత వేస్తే పుణ్యమేగా అంటారేమో. కాకికి పిండం పెట్టడం వేరు, ఇది వేరు. పడవ కనబడితే తిండి అని గద్ద నేర్చుకుంటుంది. చేప పట్టాల్సిన పిల్లగద్ద కోడికొవ్వుకి మరుగుతుంది. మనుషులంటే ఉండవలసిన బెదురు పోతుంది. ఆ బెదురే దానికి రక్ష. ఇంతకీ నా ఫిర్యాదు ఆ చర్మం మీద కాదు, కింద రాసిన 'వేట' అనే మాట మీద. 'మేత వేసి తీసినది' అని రాస్తే సగం తప్పు అక్కడికక్కడే మాసిపోయేది.

రాతల మాట వచ్చింది గనక ఇంకొకటి. పేర్లన్నీ ఇంగ్లీషులోనూ, లాటిన్‌లోనూను. ఒక్కదానికి తెలుగు పేరు లేదు. 1862లో జెర్డన్ అనే దొర, సైన్యంలో వైద్యుడు, భారతదేశపు పక్షులమీద గ్రంథం మొదలుపెట్టి అందులో తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. నీళ్ళలో దూకి చేపని తన్నుకుపోయేది 'కొరమీను గద్ద'. పొలాలమీద గాల్లో ఒక్కచోటనే రెక్కలాడిస్తూ నిలబడే తెల్లని చిన్నగద్ద 'అడవి రామదాసు'. ఎంత ముచ్చటైన పేర్లో! దొర రాసుకున్నవి మనం రాసుకోలేకపోయాం.

ఇప్పుడు నా చేతి మసి సంగతి చెప్పాలి.

మొదటి బహుమతి వచ్చిన ఫోటో హాలు మధ్యలో ఉంది. తెల్ల గుడ్లగూబ ముక్కున ఎలుకతో కిటికీలోంచి లోపలికి దూకుతోంది. రెక్కలు బార్లా చాపి ఉన్నాయి. కింద చీకట్లో పిల్లల ముఖాలు. అది తీసినవాడు మా అన్నయ్య కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. సొరకాయంత లెన్సు వేసుకుని సెలవులకి ఊళ్ళు తిరుగుతాడు. ఆ కిటికీ మా పుట్టింటి ధాన్యం కొట్టుది, గుడివాడ దగ్గర. కోత మిషన్లు వచ్చాక ధాన్యం చేలోంచే మిల్లుకి పోతోంది గనక కొట్టు ఖాళీగా పడుంది. నిరుడు ధనుర్మాసంలో అటకమీంచి బుస్సుమని చప్పుడు వస్తుంటే పాము చేరిందనుకున్నారు. తీరా చూస్తే గుడ్లగూబ పిల్లలు! అయిదు. గుడ్లు ఒకేరోజు పొదగవు గనక ఒకదానికంటె ఒకటి చిన్నది. సంక్రాంతి బొమ్మలకొలువులో మెట్లమీద పెట్టినట్టు వరసగా ఉన్నాయి. మేనల్లుడికి ఫోన్‌ చేసి రమ్మన్నది నేనే.

వాడొచ్చాడు. నిచ్చెన వేశాడు. రెండు రాత్రులు ఫ్లాషు వెలిగించాడు. ఆ ఫోటో చూసి నేను ఊరుకున్నానా? ఊరిపేరుతో సహా చుట్టాలందరికీ ఫోన్లలో పంపాను. మా మేనల్లుడు తీశాడు, మా పుట్టింట్లో, అని గొప్ప! వారం తిరక్కుండానే మోటారు సైకిళ్ళమీద కుర్రాళ్ళు రావడం మొదలెట్టారు. అన్నయ్య మొహమాటస్తుడు, ఎవర్నీ కాదనలేడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎవరో అటకమీద లైటు వేసేసరికి తల్లి బెదిరి కిటికీలోంచి ఎండలోకి ఎగిరిపోయింది.

కాకోలూకీయం అని పంచతంత్రంలో కాకులకీ గుడ్లగూబలకీ వైరం కథ ఉంది. రాత్రి గుడ్లగూబదే పైచెయ్యి, పగలు కాకులది. కథ అనుకున్నాను గాని కళ్ళారా చూసింది మా వదిన. ఊళ్ళో కాకులన్నీ పోగయ్యాయిట. కొబ్బరిచెట్టు మీదినుంచి చెరువుగట్టు దాకా పొడుచుకుంటూ తరిమాయిట. ఆ తల్లి మళ్ళీ రాలేదు. తర్వాత ఒక్క పక్షే, తండ్రి కాబోలు, రాత్రిళ్ళు ఎలుకలు తెచ్చేది. ఒక్కడి సంపాదన అయిదుగురికి చాలుతుందా? కింది మెట్లమీది మూడూ పోయాయి. అన్నయ్య వాటిని వేపచెట్టు మొదట్లో పూడ్చాడు.

"నేను కదపలేదు అత్తయ్యా. తర్వాత వచ్చినవాళ్ళు కదిపారు" అంటాడు మా మేనల్లుడు. వాడన్నది నిజమే. కాని వాళ్ళకి దారి చూపించింది ఎవరు? వాడి ఫోటో, నా నోరూను.

అమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. శకునం మాట ఎత్తలేదు. "ఆ పోయిన పిల్లలు ఇవేనా?" అంది. అవునన్నాను. "ఆ మాట కింద రాశారా?" అంది.

రాయలేదు. కెమెరా పేరూ, లెన్సు పేరూ రాశారు.

ఫోటో బాగులేదని ఎవరంటారు? వెలుతురూ, కూర్పూ, రెక్క ఈకల వివరమూ అన్నీ అమోఘం. పరీక్ష పెట్టిన పెద్దమనుషులు ఫోటో చూసి బహుమతి ఇచ్చారు, కొట్టు చూసి కాదు. కాని విమర్శ అనేది చట్రం లోపలున్నదానితో ఆగిపోతే చాలదేమో అనిపించింది. చీర నేత ఎంత బాగున్నా నేసినవాడికి గిట్టుబాటయిందా అని అడుగుతాం గదా? పక్షి ఫోటోకి కూడా ఆ ప్రశ్న ఉంది. ఈ ఫోటో అయ్యాక ఆ పక్షి ఏమైంది?

అలాగని ఫోటోలే తీయొద్దంటే? అదీ తప్పే. మెట్లు దిగబోతూ అమ్మే ఆ ముక్క కూడా అంది. "అన్నీ పెట్టారు, మరి రాబందు ఏదే?" నిజంగానే ఒక్కటీ లేదు. అమ్మ కాపరానికొచ్చిన కొత్తల్లో ఊరిబయట పశువుల్ని పారేసే దిబ్బ దగ్గర తాటిమట్టలు వంగేలా వాలేవిట. "చూస్తే అసహ్యమేసేది. ఎవరు ఫోటో తీస్తారు?" అంది. పశువులకిచ్చే డైక్లోఫినాక్ అనే నొప్పిమందు కళేబరాల ద్వారా వాటి కడుపులోకి పోయి, మూత్రపిండాలు పాడై, 1990ల నుంచి కొద్ది ఏళ్ళలోనే దేశంలో నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మా ఇంటి ఆల్బాల్లో మా పాత కుక్కకి ఫోటో ఉంది గాని, వెయ్యేళ్ళుగా ఊరు శుభ్రంచేసిన ఆ పక్షికి ఒక్కటి లేదు. అందంగా ఉన్నవాటికీ, గుడ్లు మిటకరించి చూసేవాటికీ మాత్రమే ఫోటో అయితే, మిగతావి పోయినా ఎవరికీ తెలీదు.

బహుమతి ఎవరికివ్వాలని నన్నడిగితే, మంచినీళ్ళ డబ్బా పక్కన గోడకి వేలాడుతున్న చిన్న ఫోటోకి ఇస్తాను. దివిసీమలో కోడూరు వైపు తీసింది. తెల్లవారుజాము మంచు. మినుము చేలో ఆడవాళ్ళు వరసగా వంగుని ఉన్నారు. వాళ్ళకి కాస్త ఎడంగా, చేనుకి మూరెడు ఎత్తున, పిల్లిగద్ద ఒకటి రెక్కలు రెండూ పైకెత్తి తేలిపోతోంది. చలికాలానికి హిమాలయాల అవతలినుంచి మన పొలాలకి వచ్చే చుట్టమది. ఫోటోలో లోపాలు లేకపోలేదు. గట్టు ఒరిగింది, మసకగా ఉంది, పక్షి బొటనవేలంత ఉంది, ముఖం సగం రెక్క చాటునే పోయింది. అయితేనేం? అది కెమెరా వంక చూడ్డం లేదు. నేలవంక చూస్తోంది, ఎలుక కోసం. ఆడవాళ్ళూ దానివంక చూడ్డం లేదు. వాళ్ళ పని వాళ్ళది, దాని పని దానిది. తీసినవాడు గట్టు చాటున ఎంతసేపు మోకాళ్ళమీద కూచున్నాడో గాని, తను అక్కడ లేనట్టే తీశాడు. పెళ్ళిచూపుల ఫోటో కాదది. ఇంట్లో మనం కూర తరుగుతూండగా మనకి తెలీకుండా తీసిన ఫోటోలో మన అసలు ముఖం ఉంటుందే, అలాంటిది.

ప్రదర్శనలు పెట్టేవారికి ఒక విన్నపం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. అభయారణ్యాల్లో ఫోటోకి అనుమతి అడగాలి. చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది. మీరు మాత్రం లెన్సు పేరు మాని, నాలుగు ముక్కలు రాయండి. ఎంత దూరంనుంచి తీశారు, గూటి దగ్గరా కాదా, మేత వేశారా లేదా, తీశాక పక్షి అక్కడే ఉందా ఎగిరిపోయిందా. తెలుగు పేరు కూడా. ఊరిపేరు మాత్రం వద్దు.

ఈమధ్య అన్నయ్య ఫోన్‌ చేశాడు. కొట్టు అటకమీంచి మళ్ళీ బుస్సు వినబడుతోందిట. నిరుడు బతికిన రెండింట్లో ఒకటో, వేరే జంటో తెలీదు. ఎవరికీ చెప్పకురా అన్నయ్యా అన్నాను. మేనల్లుడికి మాత్రం చెప్పక తప్పలేదు, వాడిల్లు గదా అది! వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలు ఎగిరిపోయాక వస్తాలే అత్తయ్యా" అన్నాడు.

పక్కనే ఉండి వింటున్న అమ్మ అంది, "పురిటింటికి పదకొండో రోజు దాకా ఎవరూ వెళ్ళరు గదే. గుడ్లగూబకి మాత్రం పురుడు పురుడు కాదూ?"

అంచేత మా పుట్టిల్లు ఏ ఊరని మీరడిగినా నేను చెప్పను. ఏమీ అనుకోకండి.